ఇరవై నిమిషాల పాట వినడం ఎలా: ప్రోగ్రెసివ్ రాక్‌కు కొత్తగా వచ్చేవారికి

పింక్ ఫ్లాయిడ్ మీకు తెలిసే ఉంటుంది. పాటలు వినకపోయినా, నల్లటి అట్ట మీద పట్టకం, అందులోంచి విరిసే రంగులు టీషర్టుల మీదైనా చూసి ఉంటారు. ఇంకాస్త లోపలికి వెళ్దామని ఎవరో చెప్పిన యెస్ బ్యాండ్‌నో, కింగ్ క్రిమ్సన్ బ్యాండ్‌నో వెతికి పెట్టుకుని ఉంటారు. నాలుగు నిమిషాలైనా పాడేవాడు నోరు తెరవకపోయేసరికి ఆపేసి ఉంటారు. చాలామంది ఆగిపోయేది అక్కడే. మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలో, ఎలా వినాలో ఒక వరసలో చెబుతాను.

ఒక్క విషయం ముందే అనుకుందాం. ప్రోగ్రెసివ్ రాక్, అంటే రాక్ వాద్యాలతో పొడవాటి కూర్పులు అల్లే ఈ సంగీతం, వినేవాళ్ల దగ్గర కోరేది జ్ఞాపకం. మూడో నిమిషంలో విన్న బాణీ పదిహేడో నిమిషంలో వేరే వాద్యం మీద, వేరే నడకలో తిరిగొస్తుంది. దాన్ని గుర్తుపట్టినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. గుర్తుపట్టకపోతే అదంతా ఇంకో ఐదు నిమిషాల వాయింపులాగే ఉంటుంది. యాభై ఏళ్లు దాటినా ఈ బ్యాండ్ల రికార్డులను జనం వదలకపోవడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం. కింద చెప్పే పనులన్నీ ఆ జ్ఞాపకాన్ని కూడగట్టుకోవడానికే.

1. ఇంత పొడవు ఎందుకు వచ్చిందో తెలుసుకోండి

1960లలో పాట అంటే సింగిల్. చిన్న రికార్డు, మూడు నిమిషాలు, రేడియోలో వేయడానికి వీలైనంత. దానికి పక్కనే ఎల్పీ ఉంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఆ పెద్ద రికార్డులో ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది. 1967లో బీటిల్స్, మూడీ బ్లూస్ లాంటివాళ్లు ఆల్బమ్ మొత్తాన్ని ఒకే వస్తువుగా అల్లవచ్చని చూపించారు. ఆ దారి కనబడగానే, ఒక వైపు మొత్తానికీ ఒకే పాట ఎందుకు ఉండకూడదన్న ప్రశ్న ఇంగ్లండ్ కుర్రాళ్లకు వచ్చింది. ఈ తరహా సంగీతంలో పెద్ద పాటలు చాలావరకు 18 నుంచి 23 నిమిషాల మధ్యే ఉండటానికి కారణం ఆ రికార్డు కొలతే.

ఆ కుర్రాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో చూడండి. జెనెసిస్ బ్యాండ్ పుట్టింది చార్టర్‌హౌస్ అనే పాత బోర్డింగ్ స్కూల్లో, 1967లో. యెస్ బేస్ గిటారిస్టు క్రిస్ స్క్వయర్ చిన్నప్పుడు చర్చి గాయకబృందంలో పాడినవాడు. యెస్ కీబోర్డిస్టు రిక్ వేక్‌మన్ రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో పియానో చదివి, చదువు మధ్యలో వదిలేసి స్టూడియోలకు వాయించడానికి వెళ్లినవాడు. అమెరికా బ్లూస్ వీళ్లకు ఇష్టమే గానీ, చెవిలో ముందునుంచీ నిండి ఉన్నవి చర్చి కీర్తనలు, ఆర్గాన్, స్కూలు ప్రార్థనలు. రాక్ వాద్యాలు చేతికి వచ్చినప్పుడు అవే బయటికొచ్చాయి. ఒక జెనెసిస్ పాట చివర్లో గుడిగంటల్లాంటి గంటలు మోగి, గొంతు పైకి లేచినప్పుడు ఆ ప్రార్థన మందిరం వాసన మీకూ తెలుస్తుంది.

ఇక మెలట్రాన్. దీన్ని గురించి తెలుసుకోకుండా ముందుకు వెళ్లకండి, ఎందుకంటే ఈ రికార్డుల్లో వయొలిన్లలా, కోరస్‌లా వినబడేది చాలాసార్లు ఇదే. చూడటానికి కీబోర్డే. ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క ఉంటుంది. ఆ టేపు మీద నిజమైన వయొలిన్లో, ఫ్లూటో, మనుషుల గొంతులో ముందే రికార్డు చేసి ఉంచుతారు. మెట్టు నొక్కితే టేపు నడుస్తుంది. దాదాపు ఎనిమిది సెకన్లకు అయిపోతుంది, వేలు తీస్తే స్ప్రింగు దాన్ని మళ్లీ మొదటికి లాగుతుంది. బర్మింగ్‌హామ్‌లో తయారయ్యేది. మూడీ బ్లూస్ కీబోర్డిస్టు మైక్ పిండర్ ఆ కంపెనీలోనే పనిచేసినవాడు. టేపు కనుక స్వరం నిలకడగా ఉండదు, కొంచెం వణుకుతుంది. ఆ వణుకులో ఒక దిగులు ఉంది. అసలు ఆర్కెస్ట్రాకు లేని దిగులు అది. తర్వాత వచ్చిన ఏ డిజిటల్ వాద్యమూ దాన్ని నాకు పూర్తిగా ఇవ్వలేదు.

ఈ పాయలన్నీ ఒకచోట కలిసిన రికార్డు కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బమ్ 'ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్'. 1969 అక్టోబర్‌లో వచ్చింది. అంతకు మూడు నెలల ముందు, జులై 5న, లండన్ హైడ్ పార్కులో రోలింగ్ స్టోన్స్ ఉచిత కచేరీకి వచ్చిన లక్షల జనం ముందు వాళ్లు వాయించారు. అప్పటికి బ్యాండ్ మొదలై ఏడాది కూడా కాలేదు. అట్ట మీద అరుస్తున్న ఆ ఎర్రటి ముఖాన్ని గీసిన బ్యారీ గాడ్‌బర్ వృత్తిరీత్యా కంప్యూటర్ ప్రోగ్రామర్. ఆల్బమ్ వచ్చిన కొన్ని నెలలకే, 24 ఏళ్లకే కన్నుమూశాడు.

2. వినే పద్ధతి మార్చుకోండి

షఫుల్ ఆపేయండి. స్ట్రీమింగ్ యాప్ సెట్టింగుల్లో పాటల మధ్య ఖాళీ లేకుండా వినిపించే ఏర్పాటు ఉంటే దాన్ని పెట్టుకోండి. చాలా ఆల్బమ్‌లలో ఒక పాట ఇంకో పాటలోకి జారిపోతుంది, మధ్యలో అర సెకను నిశ్శబ్దం వస్తే దెబ్బతింటుంది. అలాగే ఒక పాటకూ ఇంకో పాటకూ శబ్దం స్థాయిని సమం చేసే ఏర్పాటును తీసేయండి. గుసగుస నుంచి గర్జన దాకా వెళ్లే సంగీతం ఇది, ఆ తేడా చదునైపోతే సగం పోయినట్టే.

ఆల్బమ్ మొత్తం ఒకేసారి వినాలన్న నియమం పెట్టుకోవద్దు. రికార్డులో ఒక వైపు వినండి, అంటే ఇరవై నిమిషాలు. తయారుచేసినవాళ్లు లెక్క వేసుకున్నది కూడా అంతే. తర్వాత లేచి వెళ్లి రికార్డు తిప్పాలి కదా. ఆ విరామం కూడా కూర్పులో భాగమే. ఏ పాట ఏ వైపు ఉందో తెలుసుకుని, అక్కడ ఆపండి.

మొదటి రెండు మూడు సార్లు పాట సాహిత్యం చూడకండి. తెర మీద ఏమీ పెట్టుకోకండి. హెడ్‌ఫోన్స్ మంచివైతే సంతోషం, మామూలువైనా పర్లేదు. చీకటి గది వంటి తతంగాలు అక్కర్లేదు. బస్సులోనూ వినొచ్చు, అయితే మధ్యలో ఫోన్ వస్తే మళ్లీ మొదటి నుంచి పెట్టుకోండి.

అదే వైపును వారంలో నాలుగైదుసార్లు వినండి, వారం పొడుగునా ఇంకో కొత్త ఆల్బమ్ ముట్టుకోకండి. ఇది ఈ వ్యాసంలో అన్నిటికన్నా కష్టమైన పని. అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే.

3. తాళం వేసి లెక్కపెట్టండి

రాక్ పాటలు మామూలుగా నాలుగు లెక్కలో సాగుతాయి. ఈ బ్యాండ్లు ఐదు, ఏడు, తొమ్మిది, పదమూడు లెక్కల్లోకి వెళ్తాయి. పాశ్చాత్య దేశాల్లో కొత్తగా వినేవాళ్లు తడబడేది ఇక్కడే. తెలుగువాళ్లకు ఈ విషయంలో నిజమైన సౌకర్యం ఉంది. కర్ణాటక సంగీతం కాస్త విన్న ఇంట్లో ఖండచాపు (ఐదు), మిశ్రచాపు (ఏడు) కొత్తవి కావు. శ్యామశాస్త్రి 'మరివేరే గతి' విని చేత్తో తాళం వేసినవాళ్లు ఏడు లెక్కలోనే ఉన్నారు. సంగీతం నేర్చుకోకపోయినా ఇబ్బంది లేదు, కింది జతులు నోటితో అనుకుంటే చాలు.

ఐదుతో మొదలుపెట్టండి. జెత్రో టల్ బ్యాండ్ 1969లో విడుదల చేసిన 'లివింగ్ ఇన్ ద పాస్ట్' అనే చిన్న పాట మొత్తం ఐదు లెక్కలోనే నడుస్తుంది. ఇయన్ ఆండర్సన్ ఫ్లూట్ వాయిస్తుంటే 'తక తకిట, తక తకిట' అనుకుంటూ వెళ్లండి. రెండో నిమిషానికి లెక్కపెట్టడం మానేసి ఊగుతుంటారు. ఈ పాట ఇంగ్లండ్‌లో మూడో స్థానం దాకా వెళ్లింది కూడా. వింత లెక్కలు జనానికి ఎక్కవన్న మాట అప్పుడే తేలిపోయింది.

తర్వాత ఏడు. పింక్ ఫ్లాయిడ్ 'మనీ' పెట్టుకోండి. 1973లో వచ్చిన 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'లో రెండో వైపు మొదటి పాట. మొదట్లో వినబడే నాణేల గలగల, క్యాష్ రిజిస్టర్ చప్పుళ్లు ఏడు శబ్దాల టేపు చుట్టు. 'తకిట తకదిమి' అనుకోండి. శాక్సోఫోన్ సోలో కూడా ఏడులోనే సాగుతుంది. తర్వాత గిటార్ సోలో రాగానే లెక్క నాలుగుకు మారిపోతుంది. ఆ మారిన చోట ఒంట్లో ఒక బిగువు సడలుతుంది, అది మీకు తెలియాలి. తెలిసేదాకా మళ్లీ మళ్లీ వినండి. జెనెసిస్ వదిలేశాక పీటర్ గేబ్రియల్ 1977లో ఇచ్చిన 'సాల్స్‌బరీ హిల్' కూడా చాలావరకు ఏడే. అయినా అంత హాయిగా నడిచే పాట తక్కువ.

తొమ్మిదికి జెనెసిస్ పెద్ద పాట 'సపర్స్ రెడీ'లో ఆరో భాగం ఉంది, దాని పేరులోనే 9/8 అని రాసి పెట్టారు. 'తకిట తక తకదిమి' అని కింద వాయిద్యాలు పట్టుకుని ఉంటే, పైన టోనీ బ్యాంక్స్ ఆర్గాన్ ఆ లెక్క పట్టనట్టు తన దారిన పోతుంది. దీన్ని ఇప్పుడే పట్టుకోవాలని చూడకండి, నాలుగైదు వారాల తర్వాత రండి.

లెక్క తెలియకపోతే ఆనందించలేమా? ఆనందించగలం. కానీ లెక్క తెలిస్తే ఎక్కడ ఉన్నామో తెలుస్తుంది. దారి తెలిసిన మనిషికే మలుపు వచ్చినప్పుడు ఆశ్చర్యం కలుగుతుంది.

4. మొదట పన్నెండు నిమిషాల పాట

ఇరవై నిమిషాలకు ఎగబాకే ముందు మధ్యరకం పాటలు మూడు వినండి. యెస్ 'రౌండబౌట్' (1971) ఎనిమిదిన్నర నిమిషాలు, హుషారైనది, మొదటిసారే పట్టుకుంటుంది. జెనెసిస్ 'ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్' (1973)లో పియానో ఆరంభం, మధ్యలో ఫ్లూట్ మీద వచ్చిన బాణీని తర్వాత స్టీవ్ హాకెట్ గిటార్ అందుకోవడం గమనించండి. అదే బాణీ, వాద్యం మారింది, దుఃఖం పెరిగింది.

మూడోది కింగ్ క్రిమ్సన్ 'స్టార్‌లెస్'. 1974లో వచ్చిన 'రెడ్' ఆల్బమ్‌లో చివరి పాట, పన్నెండు నిమిషాలకు పైగా ఉంటుంది. ప్రోగ్రెసివ్ రాక్ అంటే ఏమిటని అడిగితే నేను ఈ ఒక్క పాటే వినిపిస్తాను.

మొదట మెలట్రాన్ తీగలు. దాని మీద రాబర్ట్ ఫ్రిప్ గిటార్ నెమ్మదిగా ఒక బాణీ వాయిస్తుంది. ఆ బాణీని గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఈ పాటలో మీ పని అదొక్కటే. తర్వాత జాన్ వెటన్ గొంతు, విషాదంగా, నాలుగు నిమిషాల పైచిలుకు. అక్కడికి పాట అయిపోయినట్టే ఉంటుంది.

అప్పుడు బేస్ గిటార్ ఒంటరిగా ఒక వరస మొదలుపెడుతుంది. లెక్క పదమూడు. 'తకదిమి తకదిమి తకతకిట' అనుకోండి, సరిపోతుంది. దాని మీద ఫ్రిప్ దాదాపు ఒకే స్వరాన్ని మీటుతూ ఉంటాడు. ఒకే స్వరం, మళ్లీ మళ్లీ. కాసేపటికి కొంచెం పైకి, ఇంకాసేపటికి ఇంకొంచెం పైకి. బిల్ బ్రూఫర్డ్ మొదట అక్కడక్కడా చిన్న చప్పుళ్లు చేసి, తర్వాత డ్రమ్స్ మీదికి పూర్తిగా దిగుతాడు. నిమిషాల తరబడి బిగుసుకుంటూనే ఉంటుంది. ఇంక భరించలేమనుకున్నచోట వేగం ఒక్కసారిగా రెట్టింపై, శాక్సోఫోన్ పిచ్చెత్తినట్టు పరుగెడుతుంది.

ఆ గందరగోళం పైన, చిట్టచివర, మొదట విన్న బాణీ తిరిగొస్తుంది. స్వరాలు అవే. ఈసారి శాక్సోఫోన్ పాడుతుంది, బ్యాండ్ మొత్తం కింద గర్జిస్తుంటుంది. మొదట్లో అది విషాదం. ఇప్పుడు దానికి పేరు పెట్టడం నాకు చేతకాదు. మధ్యలో ఆ నిమిషాలన్నీ మనం గడపకపోయి ఉంటే ఆ బాణీకి ఇంత బలం వచ్చేది కాదు. ఆఖరి నిమిషం మాత్రమే దాటవేసి వినండి కావాలంటే, ఏమీ అనిపించదు. మొదటి నుంచి వచ్చి వినండి.

5. ఇప్పుడు ఇరవై నిమిషాలు: 'క్లోజ్ టు ది ఎడ్జ్'

యెస్ బ్యాండ్ దీన్ని 1972 వేసవిలో లండన్‌లోని అడ్విజన్ స్టూడియోలో, ఇంజనీరు ఎడ్డీ ఆఫర్డ్‌తో కలిసి రికార్డు చేసింది. సెప్టెంబర్‌లో విడుదలైంది. మొదటి వైపు మొత్తం ఈ పాటే, దాదాపు 19 నిమిషాలు. రెండో వైపు రెండే పాటలు. హెర్మన్ హెస్సే 'సిద్ధార్థ' నవల యెస్ గాయకుడు జాన్ ఆండర్సన్ మనసులో ఉందట. నది ఒడ్డు, ఎగసిపడటం, దిగిపోవడం అన్నీ అక్కడి నీడలే. బ్యాండ్ దీన్ని మొదటి నుంచి చివరిదాకా ఒక్క ఊపులో వాయించలేదు. ముక్కలు ముక్కలుగా సాధన చేసి, రికార్డు చేసి, టేపులు కోసి అతికించారు. అతుకు కనబడకపోవడం ఆఫర్డ్ పనితనం. ఇంత కష్టపడి పూర్తిచేసిన వెంటనే డ్రమ్మర్ బ్రూఫర్డ్ బ్యాండ్ వదిలి కింగ్ క్రిమ్సన్‌లో చేరాడు. కొత్తగా వచ్చిన ఆలన్ వైట్ కొద్ది రోజుల్లోనే ఇదంతా నేర్చుకుని అమెరికా వేదిక ఎక్కాల్సి వచ్చింది.

పాటకు నాలుగు భాగాలు. గడియారం చూసుకుంటూ ఒక్కసారి వినండి, తర్వాత చూడక్కర్లేదు. నిమిషాలు ఇంచుమించుగా చెబుతున్నాను.

మొదటి నిమిషం దాకా పక్షులు, నీళ్ల చప్పుడు. అది క్రమంగా పెరిగి, ఒక్కసారిగా బ్యాండ్ విరుచుకుపడుతుంది. స్టీవ్ హౌ గిటార్ కోసుకుపోతున్నట్టు ఉంటుంది, వాద్యాలన్నీ తలో దిక్కుకు పరుగెడతాయి. మధ్యమధ్యలో గొంతులు ఒక్క 'ఆ' అని ఆపేస్తాయి. చాలామంది ఇక్కడే పారిపోతారు. మీరు ఆగండి. రెండు నిమిషాలు గడిస్తే మూడో నిమిషం దగ్గర మబ్బు విడిపోయినట్టు గిటార్ మీద స్పష్టమైన బాణీ వస్తుంది. ఇది మొదటి గుర్తు. పెట్టుకోండి.

నాలుగో నిమిషం దగ్గర పాట మొదలవుతుంది. ఆండర్సన్ గొంతు బాగా హెచ్చు స్థాయిలో ఉంటుంది. అలవాటు కావడానికి కొంత సమయం పడుతుంది. పల్లవి చివర 'ఐ గెటప్, ఐ గెట్ డౌన్' అన్న మాటలు విడిగా చెవిన పడతాయి. ఇది రెండో గుర్తు.

ఆరో నిమిషం తర్వాత రెండో భాగం. గొంతు పాడేది దాదాపు ముందు పాడిన బాణీనే, అయితే కింద స్క్వయర్ బేస్, బ్రూఫర్డ్ డ్రమ్స్ పూర్తిగా వేరే నడకలోకి వెళ్లిపోయాయి. ఒకసారి గొంతును వదిలేసి బేస్ ఒక్కటే వినండి. పైన తెలిసిన పాట, కింద తెలియని నేల. ఈ పాటలో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు ఇదే.

ఎనిమిదిన్నర దాటాక అంతా ఆగిపోతుంది. నీటి బొట్లు పడుతున్నట్టు కీబోర్డులు, చాలాసేపు లయ ఉండదు. రెండు పాటలు ఒకదానిమీద ఒకటి అల్లుకుని పాడతారు. ఇంతకుముందు పల్లవి చివర విన్న ఆ మాటలే ఇప్పుడు ఈ భాగం మొత్తానికీ పేరూ, ప్రాణమూ అయ్యాయి. పన్నెండో నిమిషం దగ్గర చర్చి ఆర్గాన్ మోగుతుంది. సింథసైజర్ కాదు, లండన్‌లో సెయింట్ జైల్స్ క్రిపిల్‌గేట్ చర్చిలో ఉన్న నిజమైన పైపు ఆర్గాన్. చిన్న స్పీకర్‌లో విన్నా గోడలు కదిలినట్టు ఉంటుంది.

ఆ ఆర్గాన్ వెనకే మూడో నిమిషం నాటి గిటార్ బాణీ మళ్లీ వస్తుంది, చెదిరిన రూపంలో. గుర్తుపట్టారా? పట్టకపోతే ఫర్వాలేదు, వచ్చే వారం పడతారు. వేక్‌మన్ హామండ్ ఆర్గాన్ మీద పరుగు తీస్తాడు. చివరి చరణం వస్తుంది. ఆ బాణీ నాలుగో నిమిషంలో విన్నదే, ఇప్పుడు రెట్టింపు విశాలంగా వినబడుతుంది. గొంతులు ఎక్కుతూ ఎక్కుతూ వెళ్లి, 'ఐ గెటప్' దగ్గరే ఆగుతాయి. పక్షులు, నీళ్లు.

మొదటిసారి విన్నప్పుడు ఇందులో పదోవంతు కూడా అందదు. నాలుగోసారికి మలుపులు తెలుస్తాయి. పదోసారికి మీకు ఇష్టమైన చోటొకటి ఏర్పడి, దానికోసం ఎదురుచూస్తుంటారు. అప్పుడు మీరు సపర్స్ రెడీకి, పింక్ ఫ్లాయిడ్ 'ఎకోస్'కి, రికార్డు రెండు వైపులా ఒకే పాటగా సాగే జెత్రో టల్ 'థిక్ యాజ్ ఎ బ్రిక్' (1972)కీ సిద్ధమైనట్టే.

6. మాటల అర్థం కోసం తొందరపడకండి

యెస్ సాహిత్యంలో అర్థం వెతికితే తల తిరుగుతుంది. ఆండర్సన్ మాటలను వాటి ధ్వని కోసం వాడతాడు. జెనెసిస్‌లో మాత్రం కథలుంటాయి, పాత్రలుంటాయి, గేబ్రియల్ వేదిక మీద వేషాలు కట్టి పాడేవాడు. అక్కడ సాహిత్యం చదివి వినండి. పింక్ ఫ్లాయిడ్ మాటలు సూటిగా ఉంటాయి, ఎవరి సాయమూ అక్కర్లేదు.

మన దేశంతో ముడిపడ్డ ఆల్బమ్ ఒకటుంది, దాని గురించి మీకు తప్పకుండా ఎవరో చెబుతారు. 1973 మార్చిలో బ్రూఫర్డ్ పెళ్లిలో కింగ్ క్రిమ్సన్ తాళవాద్యకారుడు జేమీ మ్యూర్ జాన్ ఆండర్సన్‌కు పరమహంస యోగానంద 'ఒక యోగి ఆత్మకథ' గురించి చెప్పాడు. తర్వాత టోక్యోలో హోటల్ గదిలో ఆ పుస్తకం చదువుతుంటే, శాస్త్రాల విభాగాల గురించి ఉన్న ఒక అధోజ్ఞాపిక ఆండర్సన్ కంట పడింది. శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం. ఆ నాలుగింటి మీద నాలుగు పాటలు, రెండు రికార్డులు, ఎనభై నిమిషాలు. అదే 1973 డిసెంబర్‌లో వచ్చిన 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్'. ఇంగ్లండ్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. వేక్‌మన్‌కు మాత్రం నచ్చలేదు, మరుసటి ఏడాది బ్యాండ్ వదిలేశాడు.

మన మాటలు ఉన్నాయి కదా అని దీంతో మొదలుపెట్టకండి. నాలుగో పాట, మొదటి పాట గొప్పవి, మధ్యలో సాగదీత ఉంది. అందులో మన శాస్త్రాలను వెతికినా దొరకవు. ఒక ఇంగ్లిష్ గాయకుడు అడుగున ఉన్న నాలుగు వాక్యాలు చదివి కన్న కల అది. అలా వింటే దాని అందం తెలుస్తుంది.

7. ఎక్కడ దారి తప్పిందో కూడా వినండి

ఈ సంగీతాన్ని ప్రేమించేవాళ్లు దాని లోపాలు ఒప్పుకోవాలి. ఎమర్సన్, లేక్ అండ్ పామర్ దీనికి ఉదాహరణ. 1970లో వచ్చిన మొదటి ఆల్బమ్ చివర 'లక్కీ మ్యాన్'లో కీత్ ఎమర్సన్ మూగ్ సింథసైజర్ సోలో వినండి, ఒక కొత్త వాద్యం రాక్‌లోకి అడుగుపెట్టడం వినబడుతుంది. 'టార్కస్' (1971) మొదటి భాగం ఇప్పటికీ నిప్పే. అదే బ్యాండ్ 1977లో ఒక ఆర్కెస్ట్రాను మొత్తం వెంటబెట్టుకుని ఊరూరా తిరిగి, ఖర్చు భరించలేక మధ్యలో వాళ్లను పంపేయాల్సి వచ్చింది. చేతిలో పనితనం ఉన్నవాళ్లకు ఆపడం తెలియకపోతే ఏమవుతుందో అక్కడ కనబడుతుంది.

చిన్న చిన్న పాటల మోటు రాక్ అయిన పంక్ వచ్చి ప్రోగ్రెసివ్ రాక్‌ను చంపేసిందని తరచూ రాస్తారు. పంక్ బ్యాండ్ సెక్స్ పిస్టల్స్ గాయకుడు జానీ రాటెన్ 'ఐ హేట్' అని రాసిన పింక్ ఫ్లాయిడ్ టీషర్టు వేసుకున్న మాట నిజమే. అదే రాటెన్ 1977లో లండన్ క్యాపిటల్ రేడియోలో తనకిష్టమైన రికార్డులు వేయమంటే వాన్ డర్ గ్రాఫ్ జెనరేటర్ అనే ప్రోగ్రెసివ్ బ్యాండ్ గాయకుడు పీటర్ హామిల్ పాటలు వేశాడు. పైగా పంక్ వచ్చేనాటికే ఫ్రిప్ 1974లో కింగ్ క్రిమ్సన్‌ను ఆపేశాడు, గేబ్రియల్ 1975లో జెనెసిస్‌ను వదిలేశాడు. లోపలివాళ్లకే ముందుగా అలసట తెలిసింది.

ఫ్రిప్ 1981లో తిరిగొచ్చినప్పుడు ఏం చేశాడో 'డిసిప్లిన్'లో వినండి. మెలట్రాన్ లేదు, ఇరవై నిమిషాల పాటల్లేవు. రెండు గిటార్లు వేర్వేరు లెక్కల్లో చిన్న చిన్న వరసలు వాయిస్తూ, ఇండొనేషియా గమెలాన్ వాద్యబృందంలా ఒకదాన్నొకటి అల్లుకుంటాయి. పొడవు పోయినా ఆలోచన పోలేదు.

8. తర్వాతివాళ్లను మీ అభిరుచిని బట్టి ఎంచుకోండి

గట్టి గిటార్లు, కంచు గొంతు ఇష్టమైతే కెనడా బ్యాండ్ రష్ దగ్గరికి వెళ్లండి. 'మూవింగ్ పిక్చర్స్' (1981) మొదలు పెట్టడానికి మంచిది. అందులో 'వై వై జెడ్' అనే వాద్యగీతం ఆరంభం టొరంటో విమానాశ్రయం కోడ్‌ను మోర్స్ చుక్కలు గీతలుగా వాయించడమే. నీల్ పియర్ట్ డ్రమ్స్ అక్కడ లెక్కపెట్టండి. కథ కావాలంటే డ్రీమ్ థియేటర్ 1999 ఆల్బమ్ 'సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ'. గత జన్మ హత్య కలలో కనబడే మనిషి కథ. పునర్జన్మ కథలు మన సినిమా ప్రేక్షకులకు అలవాటే కాబట్టి సులువుగా అందుతుంది, మెటల్ హోరు మాత్రం తట్టుకోవాలి.

దిగులు ఇష్టమైతే పోర్కుపైన్ ట్రీ. 2009లో ముంబై ఐఐటీ విద్యార్థుల ఉత్సవం మూడ్ ఇండిగోలో వాయించిన బ్యాండ్ ఇది. 'ఇన్ అబ్సెన్షియా' (2002)తో మొదలుపెట్టండి. దీన్ని నడిపే స్టీవెన్ విల్సన్ ఇంకో మేలు చేశాడు. కింగ్ క్రిమ్సన్, యెస్, జెత్రో టల్ పాత టేపులు తీసి మళ్లీ మిక్స్ చేశాడు. మీరు వినే పాత ఆల్బమ్‌కు అతని మిక్స్ దొరికితే రెండోసారికి అది పెట్టుకోండి, ముసుగు తీసినట్టు బేస్, మెలట్రాన్ విడివిడిగా వినబడతాయి. మొదటిసారి మాత్రం పాత మిక్సే వినండి.

మారిలియన్‌ను కూడా వదలొద్దు. 'మిస్‌ప్లేస్డ్ చైల్డ్‌హుడ్' (1985) నలభై నిమిషాలు ఆగకుండా సాగుతుంది. 1997లో వాళ్లకు అమెరికా పర్యటనకు డబ్బు లేకపోతే అభిమానులే ఇంటర్నెట్‌లో ఒకరినొకరు కలుసుకుని దాదాపు 60,000 డాలర్లు పోగుచేశారు. 2001లో వచ్చిన ఆల్బమ్‌కు, అది రికార్డు కాకముందే, పన్నెండు వేల మందికి పైగా డబ్బు కట్టారు. ఈ సంగీతాన్ని వినేవాళ్లు ఎలాంటి మనుషులో చెప్పడానికి ఇది చాలు.

9. భాష రాని ఆల్బమ్ ఒకటి వినండి

ఇంగ్లండ్ బ్యాండ్లను సొంత దేశం కన్నా ముందు నెత్తిన పెట్టుకున్న దేశం ఇటలీ. వాన్ డర్ గ్రాఫ్ జెనరేటర్ ఆల్బమ్ 'పాన్ హార్ట్స్' స్వదేశంలో ఎవరికీ పట్టకపోతే ఇటలీలో మొదటి స్థానంలో నిలిచింది. ఒపెరా దేశం కాబట్టి పెద్ద భావం, పెద్ద గొంతు, మధ్యలో అంకాలు మారడం అక్కడివాళ్లకు కొత్త కాదు. త్వరలోనే వాళ్ల సొంత బ్యాండ్లు పుట్టాయి, సొంత భాషలో పాడాయి.

పి.ఎఫ్.ఎం. (ప్రెమియాతా ఫోర్నెరియా మార్కోనీ) బ్యాండ్ 'పెర్ ఉన్ అమికో' (1972)తో మొదలుపెట్టండి. అరగంట పైచిలుకు మాత్రమే. ఫ్లూట్, వయొలిన్, మెలట్రాన్ మీకిప్పుడు పరిచయమైనవే. అర్థం తెలియదు కాబట్టి చెవి మొత్తం బాణీల మీదే ఉంటుంది, ఏది ఎక్కడ తిరిగొచ్చిందో ఇట్టే పట్టేస్తారు. తర్వాతి ఏడాది ఇందులో చాలా పాటలకు కింగ్ క్రిమ్సన్ కవి పీట్ సిన్‌ఫీల్డ్ ఇంగ్లిష్ మాటలు రాస్తే 'ఫొటోస్ ఆఫ్ ఘోస్ట్స్' పేరుతో మళ్లీ విడుదలైంది. అది పక్కన పెట్టి ఇటాలియన్‌దే వినండి, ఆ గొంతులకు ఆ అచ్చులే బాగుంటాయి. అది నచ్చితే తర్వాత లె ఒర్మె బ్యాండ్ 'ఫెలోనా ఎ సోరోనా' (1973) తీసుకోండి. ఒకదాన్నొకటి చుట్టుకునే రెండు గ్రహాల కథ, ఒకదానికి వెలుగు వస్తే ఇంకోదానికి చీకటి. ఆల్బమ్ మొత్తం ఒకే బిగిలో సాగుతుంది కాబట్టి దీనికి మాత్రం రెండు వైపులూ ఒకేసారి వినేంత సమయం చూసుకోండి.